పంపు మూశాక కదిలిన ముల్లు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నేను అడిగే ప్రశ్నలు రెండే. ఎంతసేపు కనిపించింది? ఎన్ని అడుగుల దూరంలో? ఇంతవరకు సరైన జవాబు చెప్పినవాళ్లు లేరు. అందుకే ఎప్పుడూ నమ్మలేదు. ఇప్పుడైనా నమ్ముతున్నానని అనను. జరిగింది మాత్రం చెబుతాను.

మాది కోదాడ. చదివింది ఇంటర్ వరకే. లెక్కలు పాత పుస్తకాలు కొనుక్కొని సొంతంగా నేర్చుకున్నాను. సూర్యాపేట శివారులో ఫైబర్ వస్తువులు చేసే చిన్న ఫ్యాక్టరీలో చేరి, పద్నాలుగేళ్లకు ప్రాజెక్ట్ ఇంజినీర్‌ని అయ్యాను. మొదట్లో మిర్యాలగూడ రైస్ మిల్లులకు నీళ్ల ట్యాంకులు చేసేవాళ్లం. 2012లో గాలిమరల మీద కప్పే పెద్ద మూతల ఆర్డరు వచ్చింది. అవి తేలికగానూ ఉండాలి, గట్టిగానూ ఉండాలి. వాటికి పద్ధతి వేరు.

అచ్చులో గాజు గుడ్డ పొరలు పొడిగానే పరుస్తాం. పైన పలుచని ప్లాస్టిక్ షీటు కప్పి, అంచులు టేపుతో మూసి, లోపలి గాలంతా పంపుతో లాగేస్తాం. ఆ తర్వాత రెసిన్ గొట్టానికి వేసిన క్లిప్పు తీస్తే, రెసిన్ అనే జిగురు ద్రవం దానంతట అదే లోపలికి పాకి గుడ్డంతా తడుపుతుంది. షీటులో ఎక్కడా చిల్లు లేదని తెలుసుకోవడానికి పంపు వాల్వు మూసి మీటరు చూస్తాం. గాలి దూరితే ముల్లు దిగుతుంది; లేకపోతే ఇరవై ఎనిమిది దగ్గర కదలకుండా నిలబడాలి.

నేను చెప్పబోయే రోజు అచ్చు మీద ఉన్నది, మా దగ్గర షీట్లు కప్పే సైదులు ముందటి సాయంత్రం కప్పి వెళ్లిన షీటు. అతను మూసిన అంచులోంచి గాలి దూరడం నేనెప్పుడూ చూడలేదు. పొద్దున బైకు మీద పనికి వస్తుంటే చివ్వెంల దగ్గర అతన్ని లారీ గుద్దింది. తొమ్మిదింటికి అతని తమ్ముడు ఫోన్ చేశాడు. తలకు దెబ్బ. సూర్యాపేటలోనే ఒక ఆసుపత్రిలో ఉంచారు. ఊపిరి సరిగా అందడం లేదు. లోపలికి ఎవరినీ పోనివ్వడం లేదు.

గాజు గుడ్డ కత్తిరించే మంగమ్మ కత్తెర కింద పెట్టేసింది. "మనసొప్పుతలేదు లెక్కల సారూ. పని ఆపుదాం" అంది.

"రేపటికి అచ్చు ఖాళీ కావాలి. పదకొండున్నరకు ఇది ముగించి అందరం పోదాం" అన్నాను.

పది గంటలకు ముందే అరగంటసేపు వాల్వు మూసి చూశాను. ముల్లు కదల్లేదు. పది ఇరవైకి రెసిన్‌లో హార్డెనర్ కలిపించాను. కలిపిన యాభై నిమిషాలకు అది గట్టిపడుతుంది. అచ్చు నిండటానికి ముప్పై ఐదు నిమిషాలు పడుతుంది. అంటే క్లిప్పు తీయడానికి నాకున్నది పదిహేను నిమిషాలు.

కలిపాక కూడా చివరిసారి రెండు నిమిషాలు వాల్వు మూసి చూడటం నా అలవాటు. మూశాను. ముల్లు ఇరవై ఏడుకు దిగింది. మళ్లీ ఇరవై ఎనిమిదికి లేచింది. మళ్లీ దిగింది.

"సారూ, ఆ షీటు సూడుండ్రి" అంది మంగమ్మ. అచ్చు నడుమ షీటు కొద్దిగా పొంగుతోంది, అణుగుతోంది. "మనిషి పండుకొని ఊపిరి తీస్తున్నట్టు లేదా?"

"లీకు ఉన్నట్టుంది. టేపు నొక్కు."

"లీకైతే దిగిన ముల్లు మళ్ల ఎట్ల లేస్తది? గాలి లోపటికి వచ్చుడే గాని, పంపు లేకుండ బయటికి పోదని మీరే గదా మాకు నేర్పిన్రు!"

ముల్లు ఎన్నిసార్లు దిగి లేస్తోందో గడియారం చూస్తూ లెక్కపెట్టాను. పది ఇరవై ఆరుకు, నిమిషానికి పద్నాలుగు సార్లు. ఇరవై తొమ్మిదికి పదకొండు. ముప్పై రెండుకు ఎనిమిది.

నా చెయ్యి క్లిప్పు మీద ఉంది. రెసిన్ వదిలితే ఆ కదలిక ఆగిపోతుంది. అది సైదులు ఊపిరే అయితే? ఇలాంటి ఆలోచన నా బుర్రలోకి వచ్చిందని రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ వచ్చింది.

"తియ్యకుండ్రి సారూ, దండం పెడుత. బకెట్ రెసిన్ పోతే ఇంకో బకెట్ కలుపుకుందాం. వాడు పోతే ఏ లెక్కల తెస్తరు?"

పది ముప్పై ఐదు దాటింది. నేను క్లిప్పు తీయలేదు. నలభై ఒకటికి ఆరు సార్లు. నలభై నాలుగుకు ముల్లు ఇరవై ఎనిమిది దగ్గర ఆగిపోయింది. మళ్లీ కదల్లేదు. మంగమ్మ నేల మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బకెట్‌లో రెసిన్ పదకొండూ పదికల్లా వేడెక్కి, పొగలు కక్కుతూ రాయిలా బిగుసుకుంది.

పదకొండుంబావుకు సైదులు తమ్ముడు మళ్లీ ఫోన్ చేశాడు. ఎత్తడానికి నా చెయ్యి రాలేదు. మంగమ్మే ఎత్తింది. అవతలి గొంతు నాకూ వినిపించింది. "అక్కా, ఊపిరి ఆగినంత పనైంది. మిషన్ పెట్టిన్రు. ఇప్పుడు గాలి అందుతున్నది. బతుకుతడంటున్నరు."

మర్నాడు అదే షీటు, అదే మీటరు. గంటసేపు వాల్వు మూసి కూర్చున్నాను. ముల్లు వెంట్రుకంత కూడా కదల్లేదు. కొత్త రెసిన్ వదిలాం. మూతలో ఒక్క గాలి బుడగ లేదు. మీటరును హైదరాబాద్ పంపి పరీక్ష చేయించాను, బాగానే ఉందన్నారు. షెడ్డులో వేడి మారిందేమోనని లెక్క కట్టాను. వేడికి ముల్లు మెల్లగా జరగాలి గానీ నిమిషానికి పద్నాలుగు సార్లు ఊగదు. రిజిస్టరులో "రెసిన్ తొందరగా గట్టిపడింది" అని రాశాను. అందులో నేను రాసిన అబద్ధం అదొక్కటే.

పంతొమ్మిదో రోజున సైదులును ఇంటికి పంపారు. ఆటో ఎక్కిస్తుంటే అతని భార్య పద్మ ఆసుపత్రి ఫైలు నా చేతిలో పెట్టింది. "అంత ఇంగ్లీషే ఉన్నది సారూ. ఏం రాసిన్రో జర సదివి చెప్పుండ్రి."

రక్తపోటు, మందులు, కుట్లు, అన్నీ చదివి చెప్పాను. మొదటి రోజు కాగితం వచ్చింది. ఊపిరి మిషన్ పెట్టారన్న మాట, దాని పక్కనే గంటలు, నిమిషాలు వేసి ఉన్నాయి. అంకెల మీద కన్ను పడేలోపే పేజీ తిప్పేశాను.

"అంతా బాగానే ఉందమ్మా" అన్నాను.

ఆ ఒక్క అంకె పది నలభై నాలుగో కాదో చూసి ఉంటే, అదంతా యాదృచ్ఛికమో కాదో అప్పుడే తేలిపోయేది. ఆ ఫైలు ఇప్పటికీ వాళ్లింట్లో బీరువా మీదే ఉంది. వెళ్లినప్పుడల్లా పద్మ టీ ఇస్తుంది. తాగి, ఫైలు ఊసెత్తకుండా వచ్చేస్తాను. ఆ ముల్లు ఎందుకు కదిలిందో నాకు తెలియదు. ఆ అంకె చూడటానికి నాకెందుకు భయమో అదీ తెలియదు.