వంతు దాటిన మోలీ

మా హెస్టర్ అత్తతో మాట్లాడి గెలిచినవాళ్లు అట్లాంటిక్ నడిమధ్యనున్న మా ట్రిస్టన్ దీవిలో లేరు. విల్మాట్ మామ కేప్‌టౌన్ ఆస్పత్రిలో పోయాక ఆ నోరు కూడా తగ్గింది. గుడ్ల కాలంలో రోజూ కొండెక్కి, మేం మోలీలనే పెద్ద సముద్రపు పక్షుల గూళ్లు లెక్కపెట్టే పని మాత్రం వదల్లేదు. ఇదివరకు ఇద్దరూ పోయేవారు. ఇప్పుడు తోడొస్తానంటే, నీ వాగుడుకి పక్షులు లేచిపోతాయని నన్ను తరిమేసేది.

మోలీ ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. ఒకటి పొదుగుతుంటే రెండోది సముద్రం మీదికి మేతకు పోతుంది. పదీ పన్నెండు రోజులకు అది తిరిగొచ్చి వంతు అందుకునేదాకా గూట్లో ఉన్నదానికి పస్తే. వంతు మారిందో లేదో తెలియడానికి, కూర్చున్నదాని రొమ్ము మీద గొర్రెలకు వేసే నీలం రంగుతో చుక్క పెట్టేది అత్త.

ఆ ఏడు ఫెర్న్ పొదల దగ్గరి గూట్లో పదహారో రోజుకీ నీలం చుక్కే కనబడింది. ఇరవయ్యో రోజుకి అత్త ఇంట్లో పొయ్యి వెలగడం మానేసింది. పొద్దున పోతే చీకటి పడేముందు దిగేది. చేపముక్క అందించబోతే మోలీ ఆమె వేలు కొరికిందట. బాగా అయింది అనుకున్నాను. అయినా మనసు ఊరుకోక, ఆలుగడ్డ రొట్టెలు మూటగట్టుకుని పైకి పోయాను.

"దానికైతే ఒంట్లో కొవ్వుంది, పస్తుంటుంది. నీకేముందని అత్తా?" అన్నాను.

"రెండోది వస్తుందే. గాలి ఎదురైందేమో," అంది. రొట్టె ముట్టలేదు.

ఇరవై మూడో రోజు మా కళ్లముందే మోలీ లేచింది. కాళ్లు తడబడ్డాయి. గుడ్డుని ముక్కుతో ఒకసారి తడిమి, కొండ అంచుదాకా నడిచి ఎగిరిపోయింది. ఇంకా కూర్చుంటే దాని ప్రాణమే పోయేది. అత్త తన స్వెటర్ విప్పి గుడ్డు మీద కప్పింది.

మర్నాడు మేం వెళ్లిన కాసేపటికి రెండోది దిగింది. రొమ్ము మీద చుక్క లేదు, ఒక కాలు కుంటుతోంది. అత్త గబగబా స్వెటర్ తీసి పక్కకు జరిగింది. గుడ్డు అప్పటికే చల్లబడిపోయింది. ఆ పక్షి చుట్టూ చూసి రెండుసార్లు కూసి, గుడ్డు మీద సర్దుకుని కూర్చుంది.

చచ్చిన గుడ్డు కోసం ఇదీ పస్తులుండటం ఎందుకు, గుడ్డు లాగేద్దామని చెయ్యి చాపాను. అత్త నా మణికట్టు పట్టుకుంది.

"ఉండనీ. మీ మామకు బాలేదని కబురొచ్చాక, సముద్రం బాగాలేక పదకొండు రోజులు ఓడ కదల్లేదు. నేను పోయేసరికి మట్టిచేసి మూడు రోజులైంది. ఆస్పత్రికి పోయి ఆ మంచం పక్కన కుర్చీలో సాయంత్రందాకా కూర్చున్నాను. మంచం మీద ఇంకెవరో ఉన్నారు. అయినా నన్నెవరూ లెమ్మనలేదే."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.