నచ్చని సినిమా కోసం మాచర్ల దాకా

ఒక సినిమా నచ్చలేదన్నందుకు యాభై అయిదు మైళ్లు బస్సులో ఎగిరెగిరి పడాల్సి వస్తుందని నేననుకోలేదు. దాని పేరు చెప్పను. చెబితే మీలో సగం మంది ఇక్కడే చదవడం మానేస్తారు. ముందు వారపత్రికలో బొమ్మల సీరియల్‌గా వచ్చి, తర్వాత తెరకెక్కిన కత్తియుద్ధాల కథ అది. నరసరావుపేటలో నాకు తెలిసిన ప్రతివాడూ కనీసం మూడుసార్లు చూశాడు. నాకు మాత్రం వీరుడు నలభై మందిని పడగొట్టి, చెమటైనా తుడుచుకోకుండా నలభై ఒకటోవాడి కోసం ఎదురుచూడటం తప్ప అందులో ఏమీ కనిపించలేదు. ఆ మాటే మాచర్లలో పంతులుగా ఉన్న ఏసురత్నానికి రాశాను. హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం, పదిహేనేళ్లుగా వారానికో ఉత్తరం రాసుకుంటున్నవాళ్లం. వాడి జవాబు కార్డు మీద వచ్చింది: "మీ హాలువాడు రెండు రీళ్లు ఎగ్గొట్టి ఉంటాడు. ఆదివారం వచ్చి నా పక్కన కూర్చుని మ్యాట్నీ చూడు. అప్పటికీ నచ్చకపోతే ఇక మన ఉత్తరాలు చాలు." రీళ్ల మీద నాకూ అనుమానమే. అంతకన్నా పెద్ద అనుమానం, ఒక సినిమా కోసం స్నేహం తెంచుకునే మనిషి కాదే వీడు, అసలు సంగతి ఏమిటి అని.

పొద్దున ఆరు గంటల బస్సు ఆరున్నరకి కదిలింది. గురజాల దాకా టిక్కెట్టు రూపాయి పైచిలుకు. డ్రైవరు తన ముందున్న అద్దం పైన ఆ వీరుడి బొమ్మే అతికించుకున్నాడు. "ఆ సినిమాలో నీకేం నచ్చింది?" అని అడిగాను. "ఏందన్నా ఆ మాట? బాగుంది గాబట్టి బాగుంది" అన్నాడు. కథేమిటో చెప్పమంటే, "కథెందుకన్నా? ఫైటింగులు చూడలా నువ్వు?" అని నన్నే ఎగాదిగా చూశాడు. వీళ్లెవరికీ కథ తెలియదు, ఒకరిని చూసి ఒకరు ఈలలు వేస్తున్నారని అక్కడే తేల్చుకున్నాను. పిడుగురాళ్ల దగ్గర సున్నపు బట్టీల దుమ్ము లోపలికి కొడుతుంది, తెల్ల చొక్కా వేసుకోకపోయినా తెల్లగానే దిగుతారు. ముక్కుకి అడ్డం పెట్టుకోవడానికి తువ్వాలు తప్పనిసరి.

తొమ్మిదింటికి గురజాలలో దిగాను. మాచర్ల బస్సుకి ముప్పావుగంట టైముంది. స్టాండుకి ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో పెసరట్టు బాగుంటుంది. అట్లు పోసే ఆమెను కూడా సినిమా సంగతి అడిగాను. ఆమె వెనక్కి ఒకసారి చూసుకుని, "మా ఆయన నాలుగుసార్లు చూశాడయ్యా. నాకైతే నిద్రొచ్చింది. ఈ మాట ఆయనతో అనమాకండి" అంది. పల్నాడులో నాకో తోడు దొరికినందుకు ఇంకో అట్టు తిన్నాను.

మాచర్ల బస్సు నిండా డ్యాం పనికి వెళ్లే కూలీలే. రెంటచింతల దాటేదాకా నిలబడ్డాను. పదకొండింటికి దిగేసరికి ఏసురత్నం స్టాండులో అటు తిరిగి నిలబడి ఉన్నాడు. "ఒరేయ్ రత్నం!" అని మూడుసార్లు పిలిచాను. తిరగలేదు. రమ్మన్నవాడే మొహం తిప్పుకోవడమేమిటని ఒళ్లు మండింది. దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి, నన్ను గట్టిగా వాటేసుకున్నాడు. అది కోపమున్నవాడి పద్ధతి కాదు.

ఇంట్లో వాడి భార్య ఎస్తేరు గోంగూర, కోడికూర వడ్డించింది. నేను ఏది మాట్లాడినా ఆవిడ మొగుడి వైపు తిరిగి మళ్లీ చెప్పేది. "ఏవండీ, అన్నయ్య బడి సంగతి అడుగుతున్నాడు." అప్పుడు వాడు జవాబిచ్చేవాడు. ఇద్దరూ కూడబలుక్కుని నా దగ్గర ఏదో దాస్తున్నారనిపించి, అంత మంచి కూర కూడా సరిగ్గా తినలేకపోయాను.

మ్యాట్నీ రెండున్నరకి. రేకుల హాలు, కుర్చీలున్నాయి. రత్నం నన్ను నేల టిక్కెట్టుకి లాక్కెళ్లి, తెర పక్కనున్న లౌడ్‌స్పీకరు కిందే కూర్చోబెట్టాడు. "పంతులువి, కుర్చీలో కూర్చోరాదా?" అంటే, "ఈడే బాగుంటది" అన్నాడు. నరసరావుపేటలో చూసిన ప్రతి సీనూ ఇక్కడా ఉంది, కొత్తది ఒక్కటీ లేదు. రీళ్ల అనుమానం అక్కడితో తీరింది. సినిమా అప్పటికంటే అధ్వానంగా అనిపించింది.

కోటలో యుద్ధం మొదలవుతుండగా సౌండ్ ఆగిపోయింది. తెర మీద కత్తులు తగులుతున్నాయి, చప్పుడు లేదు. హాలంతా లేచింది. "సౌండూ! ఒరేయ్, సౌండూ!" అని ఒకటే కేకలు, ఈలలు. లేవనివాడు రత్నం ఒక్కడే. వాడు అదే నవ్వుతో, అదే ఆనందంతో తెర చూస్తున్నాడు. వీరుడు కత్తి దూసినప్పుడు చిన్నగా చప్పట్లు కూడా కొట్టాడు. కాసేపటికి చుట్టూ జనం నిలబడి ఉండటం చూసి, నా నోటి వైపు చూశాడు. నేను తెర వదిలేసి వాడినే చూస్తున్నాను.

హాలు బయట టీ కొట్టు దగ్గర వాడే అడిగాడు. "నచ్చిందా?"

"బాగుందిరా. చానా బాగుంది" అన్నాను, నోరు బాగా కదిలిస్తూ.

వాడి మొహం మాడిపోయింది. "అబద్ధం. జనం లేచినప్పుడు నువ్వు నన్నే చూస్తన్నావు. సంగతి తెలిసిపోయింది నీకు." గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "మూడేళ్లయింది, చెవులు పోతా వచ్చినయ్. మాటలున్న సినిమాలేవీ అర్థం కావు. ఇదొక్కటీ, ఆ బొమ్మల సీరియలూ నాకు పూర్తిగా తెలుస్తయ్. సంగతి తెలిసినోళ్లంతా నేనేమన్నా తలూపుతారు. పోట్లాడేది నువ్వొక్కడివే మిగిలావు. ఇప్పుడు నువ్వు గూడా ఊపుతన్నావు."

"మరి ఉత్తరాలు చాలని ఎందుకు రాశావు?" అని అడిగాను. అర్థం కాలేదు వాడికి. జేబులోంచి పెన్సిల్ తీసి, సినిమా కరపత్రం వెనక రాసి చూపించాను.

"ఊరికే రమ్మంటే వచ్చేవాడివా?" అన్నాడు.

ఆ ప్రశ్న కిందే మళ్లీ రాశాను: "నచ్చలేదు. రెండోసారి ఇంకా నచ్చలేదు. నలభై మంది వరసలో నిలబడి ఒక్కొక్కడే వచ్చి చావడమేమిటి? ఒకేసారి మీద పడలేరా? గుర్రం నది దాటితే వీరుడి పంచె ఎందుకు తడవలేదు? కథ ఎక్కడ?" జాగా చాలక అంచుల్లో కూడా రాశాను. వాడు లాక్కుని చదివాడు. "నీ మొహం! కోట తలుపు ఎంత ఇరుకో చూడలా నువ్వు? ఒక్కొక్కడే గదా పట్టేది!" అని అరిచాడు. టీ కొట్టువాడు తిరిగి చూశాడు. రత్నం కళ్లు తడిగా ఉన్నాయి, కానీ వేలు మాత్రం నా మొహం మీదే ఆడిస్తున్నాడు.

ఏడింటికి గురజాల బస్సెక్కేదాకా పోట్లాడుకున్నాం. మూడేళ్లుగా వాడి చెవుల సంగతి నాకు తెలియకపోవడం తలుచుకుంటే సిగ్గేస్తుంది. దారి పొడుగునా అందరినీ అనుమానించాను, ఉత్తరంలో ఎవరికీ చెవుడు కనిపించదన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు. బుధవారం ఎనిమిది పేజీల ఉత్తరం వచ్చింది, పంచె ఎందుకు తడవలేదో బొమ్మ గీసి మరీ వివరించాడు. జవాబు రాస్తున్నాను, ఒక్క మాట కూడా ఒప్పుకోవడం లేదు. మీలో ఎవరైనా పాత స్నేహితుణ్ని చూడ్డానికి మాచర్ల వెళ్తుంటే, తువ్వాలుతో పాటు జేబులో ఒక పెన్సిల్ కూడా పెట్టుకోండి.