రెండు గంటల బండి

దేవరకొండకు బండి కిరాయికి తోలే దుర్గయ్యకు చూపు తగ్గుతున్న సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. భార్య సైదమ్మకు కూడా సగమే తెలుసు. తోలేవానికి కండ్లు లేవంటే ఆ బండి ఎవరెక్కుతారు? అందుకని మూడేళ్లుగా ఆయన ఎద్దులనే పరీక్షించుకుంటూ వచ్చాడు. పగ్గాలు వదిలేసి, కండ్లు మూసుకొని, అవి ఎక్కడ ఆగుతున్నాయో, ఎక్కడ మళ్లుతున్నాయో మనసులో పెట్టుకునేవాడు. ఎడమవైపు దాపటి ఎద్దు మెడలో కంచుగంట, కుడివైపు వలపటి దాని మెడలో ఇనుపగంట కట్టాడు. మలుపులో బయటి ఎద్దు జోరుగా నడుస్తుంది. ఇనుపగంట జోరైతే బండి ఎడమకు మళ్లినట్టు.

"నా ఎద్దులు నిద్రల గూడ దేవరకొండ పోతయి" అనేవాడు.

"మరి నువ్వెందుకు, ఇంట్ల పండుకోరాదు" అనేది సైదమ్మ.

పందొమ్మిది వందల అరవై రెండు, వానాకాలం. బిడ్డ బక్కమ్మకు నొప్పులు మొదలై రెండో రోజు. మంత్రసాని చేతులు కడుక్కుంటూ, "నాతోని గాదు సైదమ్మా, దవాఖానకు తీస్కపోండ్రి" అన్నది. రెండేళ్ల కింద పెద్దబిడ్డ ఇట్లాగే కాన్పు కాక ఆ అర్రలోనే పోయింది.  సైదమ్మ బండిలో గడ్డి పరిచి బక్కమ్మ తల ఒళ్లో పెట్టుకుంది.

పైన ఎక్కడో వానపడి వాగు పొంగుతోంది. దాని మీద కొత్త వంతెన తయారై నెల కూడా కాలేదు. ఆ నెలంతా ఎద్దులు నాగలికే ఉన్నాయి. వంతెన సంగతి దుర్గయ్యకు తెలుసు. ఎద్దులకు తెలియదు.

వాగు ముందరి చింతచెట్టు దాటగానే అవి అలవాటుగా ఎడమకు, వాగులోకి దిగే పాత బాటకు మళ్లాయి. ఇనుపగంట జోరుగానే మోగింది. కానీ అప్పుడే బక్కమ్మ గట్టిగా మూలిగింది. దుర్గయ్య చెవులు బిడ్డ మీదే ఉన్నాయి.

"బక్కీ నాయినా, బండాపు. నీళ్లల్లకు పోతాంది" అని అరిచింది సైదమ్మ.

"నీళ్లెక్కడున్నయి?"

వాగు ఎర్రగా పది బారల దూరంలో ఉంది. ఆయన ముఖం దానివైపే ఉంది. సైదమ్మకు మిగతా సగం కూడా అప్పుడే తెలిసింది.

ఆమె బిడ్డ తల గడ్డి మీదికి జరిపి కిందికి దూకింది. ఎద్దుల ముక్కుతాళ్లు పట్టుకునేసరికి నీళ్లు మోకాళ్లకొచ్చాయి. ఎన్నోసార్లు దాటిన చోటని దాపటి ఎద్దు మొండికేసింది.

"కుడి పగ్గం గుంజు. ఇంక. ఇంక జర. ఇప్పుడు ఇడువు."

ఆయన ఆమె చెప్పినట్టే గుంజాడు, వదిలాడు. చక్రం రాయెక్కి, కుంగి, గట్టు మీదికొచ్చింది. వంతెన దాటేదాకా సైదమ్మ ముందు నడుస్తూ ఒక్కో అడుగూ చెప్పింది.

మధ్యాహ్నం దవాఖానలో బక్కమ్మ ఆడపిల్లను కన్నది. ఇద్దరూ క్షేమం. సైదమ్మ బయటికొచ్చేసరికి దుర్గయ్య ఎద్దుల మెడల్లోని గంటలు తడుముతూ విప్పుతున్నాడు.

"అవెందుకు తీస్తున్నవు?"

"ఇగ బండెవరెక్కుతరే."

"కట్టు, తియ్యకు. వంతెన గూడ నేర్పు వాటికి" అన్నది సైదమ్మ. "నేర్చేదాంక నేను ముందట కూసుంట."