కేక వేసినవాడే

మా కొండల్లో చోడిచేను, అంటే రాగిచేను, కాసేటప్పుడు ఏ మంచె మీది నుంచి కేక వినబడినా వెళ్ళి తీరాలి. పడని మనిషి మంచె అయినా సరే. పంది పడిందని ఎవరైనా అరిస్తే, తింటున్న కూడు వదిలి లేస్తాం. నిజమేనా అని అడగడం తప్పు. రెండో తరగతితో బడి మానేసిన నాకు అంతకన్నా పెద్ద చదువు లేదు.

మా కోడలు హుకుంపేట దగ్గర ఒక ఊళ్ళో పంతులమ్మ. పిల్లలకు తెలుగు పాఠం అందడం లేదని, మా ఇంటి భాషలో మొదటి పుస్తకం రాయడానికి పూనుకుంది. నేను చెప్పిన కథలు, చనిపోయిన మా అక్క, మేం అప్ప అనేవాళ్ళం, పాడిన పాటలు ఏడాది పాటు ఇంట్లోని కంప్యూటర్‌లో కొట్టింది. కరెంటు దండగని నేను సణుగుతూనే ఉన్నాను. అచ్చుకు పంపే వారం మాత్రం ఊరుకున్నాను.

ఆ వారంలోనే, ఆమె బడికి వెళ్ళినప్పుడు, మా అబ్బాయి కాఫీ ధర చూద్దామని నెట్ పెట్టాడు. తెర మధ్యకు ఎర్రటి పెట్టె ఒకటి వచ్చింది.

"ఏటది?" అన్నాను.

"మన కంప్యూటర్లో వైరస్సులు దూరాయటమ్మా. మనం ఏటి సేత్తన్నామో సూసి బయటోళ్ళకి మోసేవి కూడా ఉన్నాయట. ఇక్కడ నొక్కితే ఊరికే తోలేత్తాడట."

"కోడలి పుస్తకం అందులోనే ఉంది కదా. బేగి నొక్కు."

"ఎవుడో ఏటో అమ్మా."

"కేకేసినోడి పేరడుగుతావేట్రా? నొక్కు."

నొక్కాడు. ఆ పెట్టె మీద పెట్టె, దాని మీద ఇంకోటి వచ్చిపడ్డాయి. కాసేపటికి ఊరికే అన్నవాడు డబ్బు అడిగాడు. కోడలు వచ్చి చూసేసరికి పుస్తకం లేదు. ఉండాల్సిన చోటు ఖాళీ. భుజాన సంచీ కూడా దించకుండా కూర్చుండిపోయింది.

"సీడీలోకి ఎక్కించి ఉంచలేదా?" అన్నాడు మావాడు.

"సీడీ దండగన్నారు మీ అమ్మగారు."



మర్నాడు కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి ముగ్గురం అరకులోని కంప్యూటర్ కొట్టుకు బస్సులో తీసుకెళ్ళాం. కొట్టతను కాసేపు చూసి, "దొంగలున్నారని సెప్పినోడే దొంగ మామ్మా," అన్నాడు.

నాకు తలకెక్కలేదు. మళ్ళీ చెప్పమన్నాను.

"ముందు మీ ఇంట్లో ఎవుడూ లేడు. కేకేసి, మీ సేతే తలుపు తీయించుకుని ఈడొచ్చాడు."

"మరి పుస్తకం?"

"ఎత్తుకుపోలేదు. కనబడకుండా అందులోనే దాసేసాడు. డబ్బు కడితే సూపిత్తానంటాడు."

పంది తింటుంది, చిలక తింటుంది, ఆకలికి మనిషి కూడా నాలుగు వెన్నులు కోసుకుంటాడు. కానీ కాపలావాడిలా మంచెక్కి కేకేసి, చేను గలవాళ్ళనే మోసగించేవాడు ఉంటాడని నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు. మన సరుకు మనింట్లోనే దాచి మనకే అమ్ముతాడట.

అతను ఆ దొంగను తోలి, పాఠాలన్నీ వెనక్కి తీశాడు. కోడలు ఒక్కొక్కటీ తెరిచి పెదవులతో చదువుకుంది. మా అప్ప పాటలు కూడా ఉన్నాయి. ఆ రోజూ భుజాన ఉంచుకున్న సంచీని అప్పుడు దించింది.

ఇక కాపలా సంగతి. మావాడు ఊరికే వచ్చేదీ, డబ్బాలో అమ్మేదీ రెండు యాంటీవైరస్‌లూ వేయించుదామన్నాడు.

"రెండెడితే ఒకదాన్నొకటి దొంగనుకుని కొట్టుకుంటాయి. మిషను కదల్దు," అన్నాడు కొట్టతను. ఊరికే వచ్చేవాటిలోనూ మంచివి ఉన్నాయన్నాడు. డబ్బాలో అమ్మేది మాత్రం వైరస్సులతోపాటు ఆ చూసి మోసేవాటినీ పడుతుందట.

"ఇది దొంగ కాదని నాకేటి తెలుసు?"

"నా మిషనులోనూ ఇదే ఉంది. తేడా వత్తే వచ్చి నా కొట్లో కూకోండి మామ్మా."

పట్టుకోవడానికి ఒక మనిషి దొరికాడు. నాకది చాలు. రొంటిన ఉన్న సంచీ విప్పి డబ్బాకి, రెండు సీడీలకి ఇచ్చాను. "అత్త కొంటంది, సూడండి," అని కోడలు మావాణ్ణి పొడిచింది.

పుస్తకం అచ్చయింది. బళ్ళో పిల్లలు మా అప్ప పాట చదువుతున్నారు.

ఆ ఏడు చోళ్ళు పండే వేళకు అవతలి మంచె మీది నుంచి కేక వినబడింది. కూడు నా ముందే ఉంది. లేచాను, వెళ్ళాను కూడా. కానీ లేవబోయే ముందు, ఆ గొంతు ఎవరిదా అని ఒక్క క్షణం ఆలకించాను. అంతవరకు నేనెన్నడూ ఆ పని చేయలేదు.