రత్నమ్మ తెచ్చిన చొక్కా

దయ్యం పట్టిందంటూ తీసుకొచ్చినవాళ్లకు మందులు రాసి అన్నం తిన్న మనిషిని నేను. బెంగళూరులో ఒక వైద్య కళాశాలలో మానసిక వైద్యం బోధించేదాన్ని. మనోవిశ్లేషణ నేర్చుకోవడానికి ఏళ్ల తరబడి నేను కూడా ఒక గురువుగారి గదిలో సోఫా మీద పడుకుని నా మనసు విప్పి చెప్పుకున్నాను. దయ్యాలే ఉంటే ఈపాటికి నా దగ్గరికి చికిత్సకు వచ్చేవని విద్యార్థులతో వేళాకోళమాడేదాన్ని. ఇప్పుడు చెప్పబోయేది విని నవ్వుకుంటే నవ్వుకోండి.

ఎనభైల చివర్లో, వరసగా వానలు మొహం చాటేసిన కాలమది. నెలకోసారి ఆంధ్ర సరిహద్దులో తెలుగు మాట్లాడే పావగడ వైపు పల్లెలకు వైద్య శిబిరానికి వెళ్లేవాళ్లం. ఆ తాలూకాలోనే అరసికెరె దగ్గర ఒక ఊళ్లో బడి గదే మా ఆసుపత్రి.

ఒక ఉదయం రత్నమ్మ అనే ఆమెను భర్త నాగప్ప, అత్త కలిసి తీసుకొచ్చారు. వేరుశనగ ఊడలు దిగే సమయంలో చేను వాడిపోతోంది. బావి అడుగంటింది. ఇంకా లోతు చేయాలని నాగప్ప తూటాలు పెట్టి బండ పేల్పించాడు. ఇక దిగి రాళ్లు ఎత్తాలి. ఈమె దిగనివ్వడం లేదు.

“తాడు దాచిపెట్టింది డాక్టరమ్మా. కూలోళ్లు బాయికాడ కాచుకోనుండారు. మందో మాకో ఇచ్చి పంపీయండి. శెనక్కాయ పోతే మేం పోయినట్లే” అన్నాడు నాగప్ప.

మధ్యాహ్నంలోపు దిగి తీరతానన్నాడు. అతని గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ. అత్త మాత్రం కోడలికి గాలి సోకిందని తేల్చేసింది.

భర్త గురించి రత్నమ్మ చెప్పేది ఒకటే. “ఆయప్ప బాయిలోకి దిగనే లేదు. అయినా ఆయప్ప ఒంటిమింద తడిమట్టి వాసనొస్తాండాది.”

లేని వాసన రావడం మా శాస్త్రానికి కొత్త కాదు. దానికి పేరుంది, మందుంది. దాని వెనక ఏ భయం ఉందో విందామని మిగతావాళ్లను బయటికి పంపాను. మా పద్ధతి ప్రకారం రత్నమ్మను బల్ల మీద పడుకోబెట్టి, ఆమెకు కనబడకుండా తల వెనక కుర్చీ వేసుకున్నాను.

ఆమె గభాలున లేచి కూర్చుంది. “తలకాడ కూసోవద్దమ్మా! పీనిగ తలకాడే కదా అట్ల కూసునేది?”

మా అమ్మ పోయిన రోజు నేను కూర్చున్నదీ ఆమె తల దగ్గరే. ఇన్నేళ్లుగా రోగుల తల వెనక కూర్చుంటున్నా ఆ సంగతి ఎన్నడూ తోచలేదు. లేచి వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఆమె కూడా బల్ల దిగింది.

కొంగు చాటు నుంచి నాగప్ప చొక్కా ఒకటి తీసింది. “ఉతికి ఆరేసింది నేనే. ఆయప్ప, మా అత్త సబ్బు వాసనంటారు. మీరన్నా చూడండమ్మా.”

ఇలాంటప్పుడు ‘నీకేం గుర్తొస్తోంది’ అని అడగాలే తప్ప చొక్కా ముక్కు దగ్గర పెట్టుకోకూడదు. మా చదువు చెప్పేది అదే. కానీ ఆమె చొక్కా నా వైపు చాపే ఉంచింది. తీసుకుని వాసన చూశాను.

తడిమట్టి. తొలకరికి లేచే కమ్మటి వాసన కాదు. ఎన్నాళ్లుగానో వెలుతురు సోకని బురద వాసన. చొక్కా మాత్రం ఎండకు ఆరి ఫెళఫెళలాడుతోంది. తిరగేసి చూశాను, మరక లేదు. గదిలో నీళ్ల కుండ కూడా లేదు. నాకు భయం వేసింది, దాచడమెందుకు.

“మీకూ వచ్చిందా అమ్మా?”

మన సంగతి రోగికి చెప్పకూడదన్నది నేను నేర్చుకున్న మొదటి నియమం. చెబితే ఆమె భ్రమకు నేనే బలం ఇచ్చినట్టు. చెప్పకపోతే నాగప్ప బావిలోకి దిగుతాడు.

ఇంతలో నాగప్ప తలుపు తోసుకుని వచ్చాడు. ఇంకో తాడు తెప్పించాడట, వెళ్తున్నానన్నాడు. రత్నమ్మ నా మొహం వంకే చూస్తోంది.

“నాకూ వచ్చింది. ఈ పూట ఎవరూ దిగొద్దు నాగప్పా” అన్నాను.

“ఇంత సదువుకున్నోరు మీరూ ఇట్లంటే ఎట్లమ్మా?” అంటూ గుమ్మంలోనే కూలబడ్డాడు. అయినా కూలివాళ్లకు దిగొద్దని కబురంపాడు. అత్త నన్ను ఎగాదిగా చూసింది. చొక్కా లాక్కుని తనూ వాసన చూసి, “సబ్బే” అంది.

మేం భోజనాలకు లేచే వేళ పొలాల వైపు నుంచి పెద్ద చప్పుడు వినిపించింది. బావి గోడ ఒక పక్క మొత్తం కూలి లోపల పడింది. లోపల ఎవరూ లేరు. నాగప్ప వెళ్లి చూసి వచ్చి, రత్నమ్మ పక్కన కూర్చున్నాడు. ఆ ఏడు వాళ్ల చేను ఎండిపోయింది. మనిషి దక్కాడు.

కాలేజీలో తోటి డాక్టర్లకు చెబితే, తూటాలకు గోడ బీటలిచ్చి ఉంటుంది, ఆమె కంట పడి ఉంటుంది, ఆమె భయం నీకు అంటుకుంది అన్నారు. నేనైనా అదే అనేదాన్ని. భయం అంటుకుంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ సాయంత్రం బస్సులో, కడుక్కున్న నా చేతుల నుంచి కూడా అదే వాసన వచ్చింది. పక్కన కూర్చున్న నర్సుకు మాత్రం రాలేదు.

తర్వాత చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను. లేని వాసన రోగికి వస్తే దాన్ని ఏమనాలో, ఏ మందివ్వాలో బోర్డు మీద రాసేదాన్ని. ఒకసారి వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, “అది డాక్టరుకూ వస్తే మేడమ్?” అనడిగింది. క్లాసంతా ఘొల్లుమని నవ్వింది. నేను సుద్దముక్క కింద పెట్టి, నాకు తెలియకుండానే చేతులు వాసన చూసుకున్నాను.