నిమిషం పదకొండు సెకన్ల రుజువు

కంప్యూటర్లో కారు పందెం ఆట. ఒక చుట్టును నిమిషం పదకొండు సెకన్లలో ముగించానంటే మా అక్క భర్త, మా బావగారు, నమ్మలేదు. కాకినాడలో వాళ్లింట్లో, భోజనాల దగ్గర, అందరూ వింటుండగా అన్నారు:

"లెక్కలు రాసేవాడివి. అంకె పుట్టించడం నీకెంతసేపు?"

అందరూ నవ్వారు. నేను రైసుమిల్లులో లెక్కలు చూస్తాను. మా ఉమ్మడి పొలం కౌలులో ఎవరి వాటా ఎంతో చెప్పేదీ నేనే. నేను చెప్పిన అంకెను ఆ ఇంట్లో అప్పటిదాకా ఎవరూ మళ్లీ కూడి చూసుకోలేదు. ఇక మీదట చూసుకుంటారేమో అనిపించింది.

ఆడుతుండగా వీడియో తీసి చూపించాలనుకున్నాను. రాజమండ్రిలో కంప్యూటర్ల షాపాయన, బయటి నుంచి వచ్చే బొమ్మను కంప్యూటర్లోకి రికార్డు చేసే ఓ టీవీ కార్డు చేతిలో పెట్టి, కళ్లు మూసుకుని తీసుకోమన్నాడు. అలా కొనే అలవాటు నాకు లేదు. సెకనుకి డిస్కు ఎంత తింటుందని అడిగితే నవ్వాడు. ఇంటికొచ్చి నేనే వేసుకున్నాను. కుదించకుండా తీస్తే సెకనుకి ఇరవై మూడు ఎంబీలు. ఆటను నడుపుతూ అంత రాయడం మా పాత డిస్కు వల్ల కాదు.

తర్వాత ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్లు ఎక్కించాను. ఒకటి ముప్ఫై సెకన్లకే ఆగిపోయింది. ముక్కలు అతికిస్తే మధ్యలో ఏం మాయ చేశావంటారు. ఇంకొకటి తన పేరును సరిగ్గా ఆట గడియారం మీదే అచ్చేసింది. మూడోది మొత్తం తీసింది. నిమిషం తొమ్మిది చూపించింది. అంత బాగా నేను ఆడలేదు.

మా మిల్లులో లారీని ఒక్క కాటా మీద తూచి ఊరుకోరు. బయట ఇంకో కాటా ఎక్కించి, రెండు బరువులూ కలిస్తేనే సరుకు దించుకుంటారు. అలాగే వాచీ పక్కన పెట్టుకుని మళ్లీ ఆడాను. తెర మీద నిమిషం గడిచేసరికి వాచీలో పన్నెండు సెకన్లు ఎక్కువైంది. రికార్డింగు బరువుకి ఆట నెమ్మదిస్తోంది, దాని గడియారమూ నెమ్మదిస్తోంది. మలుపులు తేలిగ్గా తిరిగింది అందుకే.

అప్పుడు నా పదకొండు మీదే అనుమానం వచ్చింది. అది ఆడిన రోజు వెనకాల వైరస్ స్కానింగు నడుస్తోంది.

ఆట ఒక కంప్యూటర్లో, రికార్డింగు ఇంకోదాంట్లో జరిగితే తప్ప నిజం తేలదు. అందుకు షాపాయన చూపించిన కార్డే కొనాల్సొచ్చింది. రెండో కంప్యూటరు ఉన్నదేమో బావగారి దగ్గర. నా సీపీయూను దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని కాకినాడ బస్సెక్కాను.

ఆయన ప్రతి వైరూ ఎక్కణ్ణుంచి ఎక్కడికెళ్తోందో చూసుకున్నాకే వాచీ పట్టుకుని కూర్చున్నారు. ఎన్నిసార్లు ఆడినా నిమిషం పద్నాలుగుకి తగ్గలేదు. వాచీ, తెర రెండూ కలిశాయి.

"ఆ పదకొండు కొట్టేయండి బావగారూ," అని జరిగిందంతా చెప్పాను.

వెక్కిరిస్తారనుకున్నాను. ఆయన వీడియో మళ్లీ చూశారు. తర్వాత నా వైర్లు పీకేసి, తన కంప్యూటర్లో అదే ఆట పెట్టి, వాచీ నా చేతికిచ్చారు.

"నాది నిమిషం పదహారని ఊరంతా చెప్పుకున్నానోయ్. నువ్వు చూసి చెప్పు."