గుడ్డు తీసిన రెబెకమ్మ

దుత్తలూరు దగ్గరి పాలెంలో రెబెకమ్మంటే ఏమనుకున్నారు! ధాత ఏటి కరువులో మనుషులకే గంజి లేక, ఊళ్లో కోడి కూత వినబడకుండా పోతే, బుట్ట కింద ఒక్క పెట్టను దాచి, చెదలు ఏరి మేపి బతికించుకున్న మనిషి. అత్త మాలకొండమ్మ పాత దేవుళ్లను వదల్లేదు. కోడలు వాగులో మునిగి బాప్తిస్మం తీసుకుని పేరుతో సహా మారిపోయింది. మొండితనం మాత్రం మారలేదు లెండి.

కరువు పనుల్లో రాళ్లు కొట్టి కొట్టి ఆమె మొగుడు ఆదెయ్య ఎముకల గూడై ఇల్లు చేరినాడు. నాలుగడుగులు వేస్తే గుండె దడ, ఆయాసం. చెట్టుమందులిచ్చే కొండలయ్య ఉదయగిరికి పోతా పోతా నాడి చూసి, "గుండె అదురుతా ఉండాది. గుడ్డు తీసెయ్యండి," అని చెప్పి గబగబా వెళ్లిపోయినాడు.

అత్తకు అంతా అర్థమైపోయింది. బుట్టలో గుడ్డు పట్టుకొచ్చి, "దిష్టి తగిలిందంట. వాడి చుట్టూ తిప్పి మూడు దోవల కాడ కొట్టేసి రా," అనింది.

"దిష్టి ఏంది అత్తా! నేను ఏసయ్య బిడ్డను. డొక్కలు అంటుకుపోయిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, గుడ్డును దోవలో కొట్టడానికి నాకు చేతులు రావు," అని రెబెకమ్మ దాన్ని ఉడకేసి మొగుడికి తినిపించింది.

"నా బిడ్డకేమన్నా అయిందా, నీ అంతు చూస్తా!" అని అత్త శోకాలు పెట్టింది. పైకి తొణకలేదు గానీ రెబెకమ్మకూ లోపల భయమే. ఆదెయ్య కునుకు తీస్తే చాలు, ఎదమీద చెయ్యేసి చూసుకునేది. అయినా పెట్ట గుడ్డు పెట్టినప్పుడల్లా తినిపించడం మానలేదు.

మెల్లగా ఆయాసం తగ్గింది, చెంపలు నిండినాయి. తొలకరికి ఆదెయ్య మడక పట్టి చేను దున్నినాడు. అబ్బ, చూసుకోడానికి ఆమెకు రెండు కళ్లూ చాల్లేదు!

అప్పుడొచ్చినాడు కొండలయ్య, మీసం దువ్వుకుంటా. "చూసినారా! గుండె దడకు గుడ్డు పడదు. నేను మాన్పించబట్టే మనిషి నిలబడినాడు," అన్నాడు.

అత్తాకోడళ్లు మొహామొహాలు చూసుకున్నారు.

"మాన్పించినావా? ఎప్పుడు?" అనింది అత్త.

"గుడ్డు తీసెయ్యమన్నాను గదా, వాడు తినే కూట్లోంచి!"

రెబెకమ్మ ఇంక అత్త తనను బతకనివ్వదనుకుంది. మాలకొండమ్మ కోడలి భుజం మీద చెయ్యేసి రొమ్ము విరుచుకుని నిలబడింది.

"తీసింది లేవయ్యా మా కోడలు! పెట్ట పెట్టినప్పుడల్లా తీసింది, పెంకు! తీసి నా కొడుకు నోట్లో పెట్టింది!"